గోత్రం గడిలో దూరిన దొంగ

తెనాలి స్టేషను బయట ఆశీర్వాదం టీ కొట్టుకి మూడు బల్లలు. పూర్ణచంద్ర ఎప్పుడొచ్చినా మధ్య బల్ల మీదే కూర్చుంటాడు, అటు రెండు చెవులూ ఇటు రెండు చెవులూ దొరుకుతాయని. ఆ గురువారం మధ్యాహ్నం రేపల్లె రైలు యాభై నిమిషాలు లేటని మైకులో చెప్పగానే సాయి సుధకి నీరసం వచ్చింది. రైలు ఎప్పుడో అప్పుడు వస్తుంది. ఈ యాభై నిమిషాలూ పూర్ణచంద్ర మాటలు వినాలి, అదీ బాధ.

సుధ బాపట్లలో ఒక చిన్న కంప్యూటరు ఆఫీసులో పని చేస్తుంది. నలుగురి వెబ్‌సైట్లు బాగోగులు చూడటం ఆమె ఉద్యోగం. వాళ్ల నాన్న లక్ష్మీనరసింహం గారు రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెలో మల్లేశ్వరస్వామి గుడి అర్చకుడు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆ గుడి తలుపులు తీసింది ఆయనే. మూడు రోజులుగా మాత్రం తీయడం లేదు. తీయొద్దన్నారు. ఆయన్ని ఉంచాలా మానిపించాలా అన్నది ఆ సాయంత్రం ఐదింటికి రేపల్లెలో జరిగే గుడి కమిటీ మీటింగులో తేలుతుంది. కమిటీ ప్రెసిడెంటు బసవేశ్వరరావు గారు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన కూడా తెనాలిలో ఏదో శుభకార్యానికి వచ్చి, అదే రైలు కోసం అదే కొట్టులో, సరిగ్గా పూర్ణచంద్ర పక్కనే కూర్చుని అల్లం టీ ఊదుకుంటున్నారు.

పూర్ణచంద్ర ఆ గుడి వెబ్‌సైటు తయారు చేసినవాడు. దాని తాళంచెవులన్నీ, అంటే పాస్‌వర్డులన్నీ అతని దగ్గరే ఉన్నాయి.

అసలు జరిగింది ఇది. ఆ సైటులో అర్చన కావలసినవాళ్లు పేరు, గోత్రం, నక్షత్రం, కోరిక అని నాలుగు గళ్లు నింపి పంపుతారు. ఎవడో గోత్రం గడిలో గోత్రం బదులు కంప్యూటరు భాషలో నాలుగు ముక్కలు రాసి పంపాడు. గడిలో ఎవరేం రాసినా సైటు దాన్ని ఉత్త రాతలా చూపించి ఊరుకోవాలి. ఈ సైటు ఊరుకోలేదు, ఆ రాతని ఆజ్ఞ అనుకుని తు.చ. తప్పకుండా చేసిపెట్టింది. దాంతో సోమవారం పొద్దున్న 'నేటి అర్చనలు' పేజీ తెరిచిన ప్రతి భక్తుడూ మల్లేశ్వరస్వామి దర్శనం బదులు రమ్మీ ఆటలోకి వెళ్లి పడ్డాడు. కంప్యూటరు వాళ్లు దీన్ని క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు. సైటుకి తగిలించిన అర్చనల ప్లగిన్‌లో ఈ కన్నం ఉందని, అది పూడ్చే అప్‌డేట్ వచ్చి నాలుగు నెలలైందని, ఒక్క బటన్ నొక్కితే చాలని సుధ పూర్ణచంద్రకి మూడుసార్లు మెసేజీ పెట్టింది. మూడుసార్లూ అతను బొటనవేలు బొమ్మ పంపాడు.

ఆ కోడే, రోజూ తెల్లారి లక్ష్మీనరసింహం గారి ఫోనుకి మెసేజీగా వెళ్లే జాబితాలో కూడా వెళ్లింది. మెసేజీలో అది ఏ పనీ చేయలేదు, అక్షరాల్లా కనబడుతుందంతే. ఆయనకో పట్టుదల ఉంది. భక్తుడు ఏం రాస్తే అది చదువుతారు, ఒక్క అక్షరం తీయరు, కలపరు. చింటూ అని రాస్తే చింటూ నామధేయస్య, స్వీటీ అని రాస్తే స్వీటీ నామధేయస్య. సోమవారం నిండు గుడిలో "స్క్రిప్ట్ సోర్స్ గోత్రోద్భవస్య, రమ్మీ బోనస్ నామధేయస్య" అని గణగణా చదివి, హారతిచ్చి, ఆ భక్తుడి ప్రసాదం పక్కన పెట్టారు. ఎవరో వీడియో తీశారు. కుర్రకారు నవ్వుకుంది, పెద్దలు అపచారం అన్నారు. కమిటీ వాళ్లు పూర్ణచంద్రకి ఫోన్ చేసి ఇదేంటయ్యా అంటే, "పంతులు గారు ఫోనులో ఏదో లింకు నొక్కి ఉంటారండి, అక్కణ్ణించి సైటుకి అంటుకుంది" అనేశాడు. ఆ ఒక్క ముక్కతో నాన్న ఇంటి అరుగుకి పరిమితమైపోయాడు.

సుధ మొదటి రోజు ఏడ్చింది, రెండో రోజు కోపం తెచ్చుకుంది. ఇప్పుడామెకి మిగిలింది విసుగు. ఆమెకి కావలసింది ఒక్కటే. పూర్ణచంద్ర తన ఫోనులో ఆ సైటు లోపలి జాబితా ఒక్కసారి, ప్రెసిడెంటు గారి ఎదురుగా తెరవాలి. కొట్టులోకి రాగానే అడిగింది కూడా.

"తెరుద్దాంలే అమ్మాయ్, తొందరేముంది? కూర్చో, టీ తాగు," అన్నాడతను.

ఇంకో బల్ల మీద శంకరరావు అని చీరాల లుంగీల వ్యాపారి, రేపల్లె కొట్లకి వేయాల్సిన బేళ్లు కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనే పుల్ల వేశాడు. "ఏమండీ పూర్ణచంద్ర గారూ, గుళ్లో హ్యాకింగు అయిందటగా?"

"అంత గొప్ప విషయమేం కాదండీ," అన్నాడు పూర్ణచంద్ర, ఎంతో వినయంగా. "సోమవారం సైటు తెరిచా. చిన్న కోడు ముక్క కనబడింది. తీసి అవతల పారేశా. అంతే."

అంతే అన్నాడు గాని గ్లాసు కింద పెట్టాడు. అతను గ్లాసు కింద పెట్టాడంటే రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడని ఆశీర్వాదానికి తెలుసు. పాల గిన్నె స్టౌ మీద నుంచి దించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పారేశా అన్నానే గాని, పారెయ్యడం ఏమన్నా మాటలటండీ? డిలీట్ నొక్కేసరికి అది చటుక్కున పక్క గడిలోకి దూకింది. గోత్రంలోంచి నక్షత్రంలోకి, నక్షత్రంలోంచి కోరికలోకి! నేనటు వెళ్తే అదిటు, నేనిటు వెళ్తే అదటు. ఇహ ఇట్టా కాదని ఒక చేత్తో మౌసు, ఒక చేత్తో కీబోర్డు, ఎంటరు బటన్ మాత్రం కాలి బొటనవేలికి అప్పజెప్పా. మా ఆవిడ నీరజ పెసరట్టు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి చూసి, అట్టాగే వెనక్కి వెళ్లిపోయింది, పాపం భయపడి."

"కోడు దూకుతుందా?" అన్నాడు శంకరరావు.

"మామూలు కోడు దూకదండి. ఇది దూకుతుంది," అన్నాడు పూర్ణచంద్ర.

సుధ పళ్లు నూరుకుంది. కోడు దూకదు, పాకదు. గడిలో రాసి ఉన్న చోటే పడి ఉంటుంది, పేజీ తెరిచినవాడి మీద పని చేస్తుంది. ఇదంతా ప్రెసిడెంటు గారికి నిదానంగా చెప్పాలని బాపట్లలో రైలెక్కినప్పట్నించీ లోలోపల వల్లె వేసుకుంటోంది. "మాస్టారూ, నేనొక మాట చెప్పనాండి," అని మొదలుపెట్టబోయింది.

"ఉండమ్మా, అతన్ని చెప్పనీ," అన్నారు బసవేశ్వరరావు గారు. బళ్లో ముప్ఫై ఏళ్లు పిల్లల సాకులు విని విని ఆరితేరిన మనిషే, అయినా కంప్యూటరు అనేసరికి ఆయనా కథ వినే చిన్నపిల్లాడిలా చెంపకి చెయ్యి ఆనించుకున్నారు. సుధ తన టీ గ్లాసు అందుకుంది. గట్టిగా మాట్లాడితే నాన్న కోసం బతిమాలుతోందనుకుంటారు. అసలే మూడు రోజులుగా ఆ ఇంటి వాళ్ల మాటకి ఊళ్లో విలువ లేకుండా పోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" పూర్ణచంద్ర బల్ల మీద బాసింపట్టు వేసుకున్నాడు. "ఫోను మోగింది. ఎత్తితే అవతల వాడు, హ్యాకరు! ఏదో మంచుదేశం. వెనకాల గాలి హోరు, కుక్కలు మొరుగుతున్నాయి. 'పూర్ణా, నా కోడు వదిలెయ్, నీకేం కావాలో కోరుకో' అంటాడు."

"తెలుగులోనా?" అన్నాడు ఆశీర్వాదం.

"మొదట వాళ్ల భాషలోనే అన్నాడు. నేను గట్టిగా ఒక్కటి అరిచేసరికి తెలుగు వచ్చేసింది వాడికి. 'ఒరే, స్వామివారి సైటులో రమ్మీ పెడతావురా?' అన్నా. వాడికి ఒళ్లు మండి ఏం చేశాడనుకున్నారు, తీగల్లోంచి కరెంటుని వెనక్కి ఎగదోశాడు! మా ఇంట్లో ఫ్యాను ఎదురు తిరిగిందండీ. ఫ్యాను ఎదురు తిరిగితే గాలి పైకి కదా పోయేది, గోడ మీద క్యాలెండరు, మంచం మీద దుప్పటి, టీవీ మీద మా అత్తగారి ఫోటో, అన్నీ వెళ్లి సీలింగుకి అతుక్కున్నాయి. వేమూరులో, భట్టిప్రోలులో, రేపల్లెలో రైసు మిల్లులు వెనక్కి తిరిగాయి. బియ్యం పోస్తే వడ్లు వచ్చాయంటే మీరు నమ్ముతారా?"

"నేను నమ్మను," అంది సుధ.

"చూశారా, చదువుకున్నోళ్లు ఇంతేనండీ," అని ఆమె వైపు జాలిగా చూశాడు. "నేను మాత్రం తగ్గితేగా! కీబోర్డు వేడెక్కి అక్షరాలు కరిగి కారిపోతున్నాయి. నేను చూసి నొక్కే రకమా ఏంటి? చూడకుండానే నొక్కుతున్నా. ఆ వేగానికి వేళ్లు కనబడటం లేదు. పక్కింటి సీతామహాలక్ష్మి గారు కిటికీలోంచి చూసి, ఇదేంటి ఈయనకి చేతులు లేవు అని ఒకటే ఏడుపు."

సుధ తల పట్టుకుంది. వాచీ చూసుకుంది. పావుగంటే అయింది. రైలెక్కితే జనంలో మాస్టారు ఒకచోట, తాను ఒకచోట. దిగితే నేరుగా మీటింగు. అడగదలుచుకున్నది ఇక్కడే అడగాలి.

"పూర్ణచంద్ర గారూ, ఆ జాబితా..."

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా! ఇంట్లో కూర్చుంటే వీడు లొంగడని బండెక్కి సూర్యలంక బీచ్‌కి పోయానండి. ఎందుకనుకున్నారు? దేశదేశాల ఇంటర్నెట్ అంతా సముద్రం కింద తీగలోనే కదండీ వచ్చేది! పడవ వాళ్లు వద్దు బాబూ అలలు పెద్దగా ఉన్నాయంటున్నా వినకుండా మెడలోతు నీళ్లలోకి పోయి, కాళ్లతో ఇసక తడిమి తడిమి ఆ తీగ దొరకబుచ్చుకున్నా. చేత్తో పట్టుకుంటే జలజలా పోతోంది ఇంటర్నెట్, తొక్కు తీసిన జెల్లచేపలాగా! అందులో వీడి కోడు ఎట్టా గుర్తు పట్టానంటే, అది కొంచెం చల్లగా తగిలింది. మంచుదేశం కదా. అది రాగానే గుప్పిట బిగించా. బిగించానా? ప్రపంచం మొత్తానికి పదకొండు సెకన్లు ఇంటర్నెట్ లేదు! సోమవారం పొద్దున్న పదకొండింటికి. మీకెవరికీ ఫోను పని చెయ్యలేదు, గుర్తుందా?"

"అవునండోయ్!" శంకరరావు తొడ మీద చరుచుకున్నాడు. "సోమవారం నా ఫోను పలకలేదు! రీచార్జి అయిపోయిందేమో అనుకుని మూడు నెలలకి చేయించుకున్నా కూడా."

"అనవసరంగా చేయించుకున్నారు," అన్నాడు పూర్ణచంద్ర సానుభూతిగా. "నన్నొక్క మాట అడగాల్సింది."

మాస్టారు కూడా ఒక్క క్షణం సోమవారం పదకొండింటికి తన ఫోను ఎలా ఉందో గుర్తు చేసుకుంటున్నట్టు కనబడ్డారు. సుధ అది గమనించింది. ఈ పెద్దమనిషే ఐదింటికి నాన్న సంగతి తేల్చబోయేది.

"ఇంతకీ వాడేమయ్యాడయ్యా?" అన్నారాయన.

"కాళ్ల మీద పడ్డాడండి! తీగలోంచే. వాడొక్కడేనా, వాడి కింద పదకొండు వేల మంది హ్యాకర్లు. 'మాకు బుద్ధొచ్చింది పూర్ణా, స్వామికి అర్చన చేయించుకుంటాం, మా గోత్రాలు రాసుకో' అన్నారు. పదకొండు వేల గోత్రాలు, ఒక్కోటీ మూరెడు పొడుగు, నోరు తిరగదు. కూర్చుని రాసుకున్నా. వాళ్ల నాయకుడైతే నిన్న గుండు కొట్టించుకుని ఫోటో పంపాడు. మంచులో గుండు, పాపం ముక్కంతా ఎర్రబడింది. ఇప్పుడు మా సైటంటే ప్రపంచంలో ఎవడికీ కన్నెత్తి చూసే ధైర్యం లేదు. చీమ కూడా దూరదు."

"ఆ ఫోటో ఏదీ?" అన్నాడు ఆశీర్వాదం.

"అట్టాంటివి దాచుకోకూడదు, చెరిపేశా."

"మరి మా పంతులు గారు..." అన్నారు మాస్టారు, కాస్త నొచ్చుకుంటూ. "ఆయన నొక్కినందుకేగా ఇంత రభస?"

పూర్ణచంద్ర ఎక్కడలేని ఉదారంగా చెయ్యి ఊపాడు. "పెద్దాయన, ఆయనకేం తెలుస్తుందండీ? నేనాయన్ని ఏమనను. రోజూ నేను కాపలా కాస్తున్నా కాబట్టి సరిపోయింది. తెల్లారుజామున నాలుగింటికి తలస్నానం చేసి, తడి పంచెతో, ఆ జాబితా మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాకా చూస్తే గాని పచ్చి మంచినీళ్లు ముట్టను. ఈ ఏడాదిలో ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు తప్పలేదు."

సుధకి అప్పటిదాకా లోపల ఉడికినదంతా ఆ మాటతో చల్లబడిపోయింది. లేచి వచ్చి మాస్టారి పక్కన నిలబడింది. "రోజూనాండి?" అంది, చాలా మెత్తగా.

"రోజూ!"

"ఇవాళ కూడా చూశారాండి?"

"చూడకపోతే ఈ టీ ఎట్టా తాగుతాననుకున్నావ్?"

"అయితే ఒక్కసారి మాస్టారికి చూపించండి. అంత గట్టి సైటు కదా, ఆయనా చూస్తారు."

పూర్ణచంద్ర మొహంలో ఏదో సందేహం కదిలింది. కానీ శంకరరావు అప్పటికే బేళ్లు దాటుకుని వచ్చేశాడు, ఆశీర్వాదం భుజం మీద గుడ్డ సర్దుకుని వంగాడు, మాస్టారు "తియ్యవయ్యా, చూద్దాం," అన్నారు. ఇంతమంది ముందు వెనక్కి తగ్గడం అతని వల్ల కాదు. జేబులోంచి ఫోను తీసి, పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి లోపలికి వెళ్లి, అర్చనల జాబితా నొక్కి ఫోను నలుగురి మధ్య ఎత్తి పట్టుకున్నాడు.

జాబితా పూర్తిగా తెరుచుకోక ముందే తెర మధ్యలో ఒక తెల్లటి పెట్టె వచ్చి నిలబడింది. అందులో నాలుగు లైన్లున్నాయి. బసవేశ్వరరావు గారు బళ్లో పాఠం చదివినట్టే పైకి చదివారు.

"పూర్ణచంద్ర గారూ, ఈ పెట్టె మీకు కనబడిందంటే అర్చనల గళ్లలో కన్నం ఇంకా ఉన్నట్టే. మీరు మెసేజీలు చదవడం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. దయచేసి అప్‌డేట్ బటన్ నొక్కండి. సాయి సుధ, ఐదో తారీకు."

పూర్ణచంద్ర గభాలున ఆ పెట్టె కింద ఓకే నొక్కాడు, అది పోతే చాలన్నట్టు. పెట్టె పోయింది. దాని వెనకాలే తెరంతా ఎర్రగా మారి, పేకముక్కలు గిరగిరా తిరిగి, ఫోనులోంచి ఒక ఆడగొంతు స్టేషను దద్దరిల్లేలా స్వాగతం చెప్పింది. వెల్‌కమ్ బోనస్ తీసుకోమంటోంది.

"ఇది ఆ సోమవారం రమ్మీయే కదండీ?" అన్నాడు శంకరరావు.

"సర్వరు..." అన్నాడు పూర్ణచంద్ర. "ఇది... పాతది, అంటే..."

మాస్టారు అతని వంక చూడలేదు. సుధ వైపు తిరిగారు. "ఇవాళ పదిహేడు కదమ్మా. ఐదున పెట్టావా ఇది?"

"అవునండి. నా పేరున ఒక అర్చన రాసి, కోరిక గడిలో పెట్టానండి. ఆ గడి నాన్నకి పంపే మెసేజీలో రాదు, సైటు చూసుకునేవాళ్లకే కనబడుతుంది. జాబితా ఒక్కసారి తెరిచినా ఎదురుగా వచ్చి నిలబడుతుంది. తెరుస్తారనుకున్నానండి. రోజుకోసారి నా ఫోను చూసుకున్నాను, ఏమన్నా అంటారేమోనని. అప్పుడే ఆ బటన్ నొక్కి ఉంటే సోమవారం ఇదేదీ జరిగేది కాదు."

"మరి సోమవారం వచ్చిన రమ్మీ మంగళవారానికి ఎట్టా పోయింది?" అన్నారు మాస్టారు.

"ఎవరూ తీయలేదండి. బయట పేజీలో ఏ రోజు అర్చనలు ఆ రోజే కనబడతాయి. తేదీ మారింది, సోమవారం పేర్లతో పాటు అదీ పోయింది. లోపల జాబితాలో మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది, మీరు చూశారుగా."

"సముద్రంలో దిగకుండానే పోయిందన్న మాట," అన్నాడు ఆశీర్వాదం, పాల గిన్నె మళ్లీ స్టౌ మీద పెడుతూ.

పూర్ణచంద్ర ఆ రమ్మీ నోరు మూయించడానికి ఫోను నాలుగు వైపులా నొక్కుతున్నాడు. అది ఇంకా గట్టిగా పిలుస్తోంది. ప్లాట్‌ఫారం మీదకి వెళ్లేవాళ్లు ఆగి చూసి వెళ్తున్నారు.

బసవేశ్వరరావు గారు గ్లాసులో అడుగున మిగిలిన టీ తాగి, తన ఫోను తీసి, పేరు వెతుక్కుని, చెవి దగ్గర పెట్టుకున్నారు.

"పంతులు గారూ, నేను బసవేశ్వరరావుని. సాయంత్రం గుడి మీరే తియ్యండి. ... ఆ, మీటింగులో నేను చెప్తాను. ... ఎందుకేంటండీ? ఈ పన్నెండు రోజుల్లో ఆ జాబితా మొదటి నుంచి చివరిదాకా చదివినవారు మీరొక్కరేనట, ఇప్పుడే తెలిసింది."